సర్కారు తప్పు చేస్తే?

"సర్కారు మీద కేసేసి ఎవరైనా నెగ్గారా?" అనేవాళ్లకు నేను ఇద్దరు స్త్రీల పేర్లు చెబుతాను.

1952లో ఉదయపూర్‌లో కలెక్టరు జీపును మరమ్మతు చేయించి తెస్తున్న డ్రైవరు నిర్లక్ష్యానికి విద్యావతి భర్త బలయ్యాడు. రాజు తప్పు చేయడన్న పాత ఇంగ్లీషు సూత్రం మనకు వర్తించదంటూ, 1962లో సుప్రీంకోర్టు ఆమెకు 15,000 రూపాయల పరిహారం ఖాయం చేసింది.

కానీ 1965లో కస్తూరీలాల్ కేసులో ఆ కోర్టే వెనక్కి తగ్గింది. పోలీసులు పట్టుకున్న బంగారం స్టేషన్లోంచే మాయమైనా, అది సార్వభౌమాధికారంతో చేసిన పని కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత లేదంది!

ఒడిశాలో పోలీసు కస్టడీలో కొడుకును పోగొట్టుకున్న నీలబతి బెహరా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసింది. ప్రాథమిక హక్కుల విషయంలో ప్రభుత్వానికి ఆ రక్షణ లేదని 1993లో కోర్టు లక్షన్నర ఇప్పించింది.

మన డ్రైవరు ఎవరినైనా గుద్దితే మనం జవాబు చెప్పుకోవాలి కదా, మరి ప్రభుత్వానికి వేరే న్యాయమా? దీనికో చట్టం కావాలని 1956లోనే లా కమిషన్ తన మొదటి నివేదికలో చెప్పింది. ఇన్నేళ్లయినా రాలేదు. నష్టపోయిన ప్రతి ఆడదీ ఢిల్లీ దాకా వెళ్లగలదా? ఓటడగడానికి గుమ్మంలోకి వచ్చేవాళ్లను ఈసారి ఈ ప్రశ్న అడుగుదాం.