కుమార్ రాకర్: కోట్ల డీల్‌ను ఆపేసిన ఒక్క భుజం.. మన పల్లె పేసర్లకు ఇందులో పాఠమేంటి?

మిర్చి యార్డులో రేటు కుదిరాక, బస్తా విప్పి చూసి కొనుగోలుదారు వెనక్కి తగ్గితే రైతు పరిస్థితి ఏంటి? 2021లో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు కుమార్ రాకర్‌కు అచ్చం అలాంటి అనుభవమే ఎదురైంది. అక్కడ విప్పి చూసింది అతడి చెయ్యిని. తల్లి లలిత వైపు నుంచి భారత మూలాలున్న ఈ పిచర్ కెరీర్, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఫాస్ట్ బౌలర్ కావాలనుకునే ప్రతి కుర్రాడూ తెలుసుకోవాల్సిందే.

ఎవరీ రాకర్?

1999 నవంబర్ 22న పుట్టాడు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. కొడుకు మాత్రం బేస్‌బాల్ వైపు వెళ్లాడు. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో, బేస్‌బాల్‌లో పిచర్ అలాగ. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019 జూన్‌లో డ్యూక్ జట్టుపై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. అందులో ఏకంగా 19 స్ట్రైకౌట్లు! అదే ఏడాది కాలేజ్ వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచాడు. 2021 సీజన్‌లో 179 స్ట్రైకౌట్లు తీశాడు.

డీల్ ఎందుకు ఆగింది?

2021 జులై డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ జట్టు అతడిని 10వ ఆటగాడిగా ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరిందని వార్తలొచ్చాయి. అప్పటి లెక్కల్లో మన డబ్బు సుమారు రూ.44 కోట్లు. అయితే వైద్య పరీక్షల తర్వాత మెట్స్ సంతకం చేయలేదు. కుర్రాడు బాగానే ఉన్నాడని ఏజెంట్ చెప్పినా ఫలితం లేకపోయింది.

ఆ తర్వాత భుజానికి చిన్న సర్జరీ జరిగింది. పెద్ద జట్ల పిలుపు లేకపోవడంతో 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే చిన్న లీగ్ జట్టుకు ఆడాడు. అక్కడ చెయ్యి బాగానే ఉందని చూపించాడు. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో టెక్సస్ రేంజర్స్ అతడిని ఏకంగా 3వ స్థానంలో తీసుకుంది. ఒప్పందం 52 లక్షల డాలర్లు.

కథ సుఖాంతమైందా అంటే.. కాలేదు. 2023 మేలో మోచేతికి 'టామీ జాన్' సర్జరీ. ఏడాదికి పైగా ఆటకు దూరం. చివరకు 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌పై మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి, 4 ఇన్నింగ్స్‌లోనే 7 స్ట్రైకౌట్లు తీశాడు. 2025లో మళ్లీ భుజం నొప్పి వేధించింది.

ఏంటీ టామీ జాన్ సర్జరీ?

మోచేతి లోపలి వైపు ఉండే లిగమెంట్ తెగితే, శరీరంలో మరోచోటి నుంచి టెండన్ తీసి అక్కడ అమర్చుతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ సర్జరీని తొలిసారి టామీ జాన్ అనే పిచర్‌కు చేశారు. అందుకే ఆ పేరు. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 వరకు ఆడాడు.

మన కుర్రాళ్లకేంటి సంబంధం?

పిచర్ పరిగెత్తుకుంటూ రాడు. ఉన్నచోటే అడుగు వేసి, మోచెయ్యి వంచి విసురుతాడు. అందుకే భారం భుజం, మోచేతి మీద పడుతుంది. ఫాస్ట్ బౌలర్‌కు ఎక్కువ దెబ్బ నడుముకు. బుమ్రానే చూడండి. వెన్ను గాయంతో 2022 టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు. సర్జరీ తర్వాత 2023 ఆగస్టులో గానీ తిరిగి రాలేదు. దెబ్బ తగిలే చోటు వేరైనా, కారణాల్లో ఒకటి మాత్రం రెండు ఆటల్లోనూ ఉంది. విశ్రాంతి లేకుండా మోతాదుకు మించి బంతులు వేయడం.

దీన్ని అడ్డుకోవడానికి అమెరికాలో 'పిచ్ స్మార్ట్' పేరుతో వయసుల వారీగా మార్గదర్శకాలు పెట్టారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లాడు రోజుకు 95 బంతులకు మించి వేయకూడదు. 17, 18 ఏళ్లకు 105. ఎక్కువ బంతులు వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి తప్పనిసరి. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు కూడా కుర్ర పేసర్లు స్పెల్‌కు, రోజుకు ఎన్ని ఓవర్లు వేయాలో చెబుతుంది.

మరి మన దగ్గర? సంక్రాంతి టోర్నీల్లో ఊరి జట్టుకు స్పీడ్‌గా వేసేవాడు ఒక్కడే ఉంటాడు. పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకోటి, గెలిస్తే సాయంత్రం మూడోది. నాలుగు ఓవర్లంటే 24 బంతులే కదా అనిపిస్తుంది. మూడు మ్యాచ్‌లు, వార్మప్, నెట్స్ కలిపితే ఆ లెక్క ఎక్కడికో పోతుంది. దాన్ని రాసుకునేవాళ్లే ఉండరు. నొప్పి అంటే బిళ్ల వేసుకుని మళ్లీ బంతి అందుకోవడమే.

గుంటూరు నుంచి పైకెళ్లిన పేర్లు చెప్పమంటే ఎమ్మెస్కే ప్రసాద్, అంబటి రాయుడు, షేక్ రషీద్ గుర్తొస్తారు. ఒకరు కీపర్, ఇద్దరు బ్యాటర్లు. ఆ వరుసలో ఫాస్ట్ బౌలర్ పేరు వెంటనే తట్టదు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. కానీ పదిహేనేళ్లకే నడుము పట్టేస్తే, సెలక్షన్స్ దాకా వెళ్లే అవకాశం ఎక్కడిది?

రాకర్ రెండు సర్జరీల తర్వాత కూడా నిలబడ్డాడంటే వెనుక డాక్టర్లు, ఫిజియోలు, కోట్ల పెట్టుబడి పెట్టిన జట్టు ఉన్నాయి. పత్తి, మిర్చి కౌలు మీద బతికే ఇంటి కుర్రాడికి ఎంఆర్ఐ స్కాన్ ఖర్చే భారం. అందుకే అతడికి జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. దానికి పెద్ద సెటప్ ఏమీ అక్కర్లేదు. రోజూ ఎన్ని బంతులు వేశాడో రాసే పది రూపాయల నోట్‌బుక్, నొప్పి అన్నప్పుడు 'ఇవాళ వద్దులేరా' అని ఆపే కోచ్ ఉంటే చాలు.