అంకణా సరిపోయినంత మాత్రమున

కామర్సు సులభమైన చదువని మనలో పాతుకొనిపోయిన అభిప్రాయము ఎవరి పుణ్యమో గాని, దాని ఫలమును అనుభవించువారు మాత్రము మొదటి సంవత్సరపు బి.కాం. విద్యార్థులు. లెక్కలన్న జంకుతో ఎం.పి.సి. జోలికి పోక, ఇంటర్మీడియటులో సి.ఇ.సి. తీసికొని గట్టెక్కి, కొయ్యూరు నుండి నర్సీపట్నమునకో చింతపల్లికో పోయి డిగ్రీలో చేరిన గిరిజన బాలుడు, ఫైనాన్షియల్ అకౌంటింగు పుస్తకము తెరచిన నెలలోపలనే, తాను దేనికి వెఱచి పారిపోయి వచ్చెనో అదియే ఇక్కడ వేరొక వేషమున కూర్చున్నదని తలంచి, తనకు బుద్ధి చాలదని తీర్మానించుకొనును. ఆ తీర్మానమును ఇంటివారును, ఒక్కొక్కప్పుడు అధ్యాపకులును బలపరచుట కద్దు. నా మట్టుకు నేను దీనిని అంగీకరింపజాలను.

అకౌంట్సులో గణితమెంత? కూడిక, తీసివేత, కొంచెము శాతముల పని, అంతే. వారపుసంతలో చింతపండు తూచి యిచ్చి, ఉప్పును ఎండుచేపలను కొని, చిల్లర సరిచూచుకొని వచ్చు పిల్లకు ఆపాటి లెక్క నోటికే వచ్చును. చిక్కంతయు ఆ అంకెలను ఎవరి పక్షమున నిలిచి చూడవలయునన్న దానిలో నున్నది. పాఠ్యపుస్తకములోని వర్తకుడు 10,000 రూపాయల మూలధనముతో వ్యాపారము ప్రారంభించును. ఆ సొమ్ము ఆయనదే, పెట్టినవాడును ఆయనయే. అయినను ఆస్తి అప్పుల పట్టికలో అది అప్పుల వైపున ప్రత్యక్షమగును. స్వంత సొమ్ము అప్పెట్లగునని అడిగిన విద్యార్థిని మందబుద్ధి యనుట అన్యాయము. వాడు శాస్త్రము యొక్క ఆయువుపట్టునే పట్టుకొన్నాడు. వ్యాపారి వేరు, వ్యాపారము వేరు, ఆ వ్యాపారము తన యజమానికే ఋణపడియున్నదన్న ఈ భావన ఇటలీ దేశపు వర్తకుల వాడుకలో పెరిగినది. వెనీసు నగరపు పద్ధతిని 1494లో లూకా పచోలీ అను క్రైస్తవ సన్న్యాసి తన గణితగ్రంథమున వివరించి అచ్చొత్తించెను. ఓడయొక్కటికి నలుగురు భాగస్వాములున్నచోట ఇట్టి విభజన సహజమే. పోడు మీది సామలు, పెరటి పసుపు, అడవి నుండి తెచ్చిన అడ్డాకులు ఒకే యింట చేరి, కొంత సంతకు, కొంత ఇంటి వాడుకకు పోవుచున్న కాపురమున, ఇది వ్యాపారము, ఇది సంసారము అని గీత గీయుట ఎవరికి ఎన్నడు పనిపడినది? సొంతవాడకములన్న పద్దును ఆ యింటి బిడ్డ బట్టీపట్టవలసివచ్చుటలో వింత యేమున్నది?

పుచ్చుకొనువాని ఖాతాకు డెబిట్టు, ఇచ్చువాని ఖాతాకు క్రెడిట్టు అను సూత్రమును పిల్లలు వారము తిరుగకముందే వల్లింతురు. తల్లి డ్వాక్రా సంఘపు పాసుబుక్కు తెరచి చూచినచో, బ్యాంకులో కట్టిన సొమ్ము క్రెడిట్టు గడిలో కనబడును. మన పుస్తకములలో బ్యాంకు ఖాతాకు అదే సొమ్ము డెబిట్టని తరగతిలో చెప్పిరి. ఆ పాసుబుక్కు బ్యాంకు తన పక్షమునుండి వ్రాసికొనిన లెక్కకు నకలనియు, బ్యాంకునకు మనమే ఋణదాతలమనియు ఒక గంటసేపు నిలిచి చెప్పినచో, బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక సగము అర్థమైనట్లే. సెమిస్టరుల హడావిడిలో ఆ గంట దొరకదు.

ఇక అంకణా, అనగా ట్రయల్ బ్యాలెన్సు. రెండు వైపుల మొత్తములు కలియనప్పుడు పరీక్షాశాలలో విద్యార్థి పడు యాతన పడినవారికే తెలియును. చరిత్ర పేపరులో తప్పు వ్రాసినవాడు ఫలితములు వచ్చువరకు నిశ్చింతగా నుండును. ఈ పేపరులోని తప్పు అప్పటికప్పుడే ఎదుట నిలిచి వెక్కిరించును. గడియారము చూచుకొని, తేడాను అనామతు ఖాతాలోనికి త్రోసి, క్రింద రెండు గీతలు గీచి లేచి వచ్చువాడు ధన్యుడు. అయితే అంకణా సరిపోయినంత మాత్రమున లెక్క సరియైనది కాదన్నదే ఈ శాస్త్రమున అన్నింటికంటె లోతైన పాఠము. ఒక వ్యవహారమును అసలే వ్రాయకున్నను, ఒక తప్పు వేరొక తప్పును కప్పివైచినను, ఇంటి ఖర్చును వ్యాపారపు ఖర్చుగా చూపినను అంకణా ముచ్చటగా కలియును. మైదానపు పిల్లలకు దీనిని బోధించుటకు ఉదాహరణములు కల్పింపవలయునేమో గాని, మన్యపు పిల్లలకు ఆ యవసరము లేదు.

షావుకారు పుస్తకమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. గింజలు నిండుకొన్న వానకాలమున 10 రూపాయల బియ్యమిచ్చి 15 అని వ్రాసి, చింతపండు దిగుకాలమున 20 రూపాయలు చేయు సరకు తెచ్చినవానికి 15 జమకట్టినచో, ఇటు 15, అటు 15; కూడికలో దోషము పట్టుట ఏ ఆడిటరు తరము? అప్పు తీరక మనిషియే తాకట్టుపడి వెట్టి చేయు గొత్తి పద్ధతి ఇట్టి లెక్కల నీడలోనే పెరిగినది. ఏజెన్సీలోని ఋణదాస్యమును మాన్పుటకు 1940లో మద్రాసు ప్రభుత్వము ప్రత్యేకముగా రెగ్యులేషను చేయవలసివచ్చెను. 1924 మే 7న ఈ కొయ్యూరులోనే అల్లూరి సీతారామరాజును కాల్చివేయుటతో బలముడిగిన పితూరికి గల హేతువులలో, 1882 నాటి అటవీ చట్టము పోడునకు అడ్డుపడుటతోపాటు, ఘాటురోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కూలివారికి న్యాయమైన కూలి ముట్టనీయకుండుటను గూడ చరిత్రకారులు పేర్కొనుచున్నారు. పద్దు వ్రాయువాడొకడు, వ్రేలిముద్ర వేయువాడు వేరొకడు అయినచోట మరెట్లుండును? 1956లో గిరిజన సహకార సంస్థ వెలసి, డిపోలలో అటవీ ఫలసాయమును కొని, షావుకారు పుస్తకమునకెదురుగా వేరొక పుస్తకము తెరచుట గొప్ప మేలే. కాని డిపోలో పుచ్చుకొనిన రసీదును చదువుటయు రావలయును గదా. తరతరములుగా ఇతరుల చిట్టాలోనికి ఎక్కినవారి సంతతిని, చిట్టా వ్రాయువాని పీఠమున కూర్చుండుమని మొదటిసారి పిలుచునది ఈ చదువు. ఆ మార్పు ఒక సెమిస్టరులో జరుగకపోవుటను బుద్ధిలోపమనుట మన లోపము.

దీనిమీద భాష చిక్కొకటి. ఆవర్జా, తరుగుదల, అనామతు అని తెలుగులో నేర్చి వచ్చిన విద్యార్థికి, 2021-22 నుండి డిగ్రీ చదువంతయు ఆంగ్లమాధ్యమమే యగుటచే, నేర్చినదానినే మరల నేర్వవలసివచ్చినది. ఇక ట్యాలీ వచ్చిన తరువాత చేతివ్రాత లెక్కలెందుకనువారు గలరు. తప్పుడు పద్దును సైతము ఆ యంత్రము రెండు వైపుల సమముగా వ్రాసిపెట్టును, అంతేగాని ఇది తప్పని చెప్పదు.

పాఠమును పలుచన చేయుడని నేను కోరను. పలుచనైన పాఠములు గైడ్ల రూపమున ఇప్పటికే అంగళ్ళలో దొరకుచున్నవి. నేను కోరునది, కష్టమును పిల్లలెరిగిన చోట పెట్టుడని. 2020-21లో వచ్చిన పాఠ్యప్రణాళిక ననుసరించి మన డిగ్రీ విద్యార్థులకు మొదటి సంవత్సరము ముగిసిన పిదప సమాజసేవా ప్రాజెక్టు విధిగా నున్నది. సర్వే పత్రములు నింపి, ఫొటోలు అతికించిన రికార్డుతో సరిపెట్టుటకు వీలున్న ఈ పనిని, కామర్సు విద్యార్థులకైనను, ఒక కుటుంబపు ఏడాది జమాఖర్చును సంపూర్ణముగా వ్రాయు పనిగా మార్చవచ్చును. ఆ ప్రాజెక్టు సాగునది వేసవి గనుక కొయ్యూరు తట్టు జీడిపిక్కల కొనుగోలు సాగుచుండును. తోట నాటిన మొదటి మూడేండ్లు కాపు లేదు. ఆ మూడేండ్ల ఖర్చును ఏ ఖాతాలో చూపవలెను? పిక్కలేరిన ఆలుబిడ్డల శ్రమకు కూలి కట్టవలెనా, మానవలెనా? కట్టినచో లాభము మిగులునా? అడ్వాన్సు తీసికొని ముందే ధర ఖాయము చేసికొన్నచో, ఆ ధరకును సంత ధరకును గల వ్యత్యాసము వడ్డీయా, నష్టమా? ఇవి ఏ గైడులోను జవాబు లేని ప్రశ్నలు. చేయితిరిగిన అకౌంటెంటులు సైతము కలము ఆపి యోచింపదగినవి.

అడ్డంకులు లేకపోలేదు. ఇంటి గుట్టు బయటపడునని కుటుంబములు వెనుదీయును. పేర్లు తీసివైచి వ్రాయుటకును, ఇంటివారు కోరినప్పుడు ప్రతి వారికే ఇచ్చివేయుటకును కళాశాల ముందుగా మాట యీయవలయును. ఆ లెక్కలను దిద్దుటకు అధ్యాపకుడు గ్రామమునకు పోవలయును, వేసవిలో ఆయనకు ప్రయాణభత్యమెవరిత్తురు? పాడేరు ఐ.టి.డి.ఎ. దీనిని తన పద్దుగా వ్రాసికొనవచ్చునని నా యభిప్రాయము. మొత్తము చూడబోయిన, పదిమంది అధ్యాపకుల బస్సు చార్జీలును, రెండుపూటల భోజనమును.