హంతకుడు దొరికాడు... కాలం తప్పించుకుంది!

పోయిన ఆదివారం మేడిపల్లిలో మా డాబా మీద చిన్న యుద్ధం జరిగింది. యోధులు ఇద్దరు. ఒకడు మా పైవాటాలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు. రెండోవాణ్ణి నేనే. వాడి చేతిలో ఫోను, నా చేతిలో పుస్తకం. వాడు పడీ పడీ నవ్వుతున్నాడు. నేను ముఖం వేలాడేసుకుని కూర్చున్నాను. తమాషా ఏమిటంటే... ఇద్దరం కాలక్షేపం చేస్తున్నది ఒకే డిటెక్టివ్‌తో!

ఆయన పేరు విలియం మర్డాక్. ఊరు కెనడాలోని టొరంటో. కాలం 1890 దశకం. వాడు చూస్తున్నది 'మర్డాక్ మిస్టరీస్' అనే టీవీ సీరీస్. నేను చదువుతున్నది ఆ సీరీస్‌కి మూలమైన నవలల్లో మొదటిది, 'ఎక్సెప్ట్ ది డయింగ్'. మొరీన్ జెన్నింగ్స్ అనే రచయిత్రి రాసిన ఆ నవల 1997లో వచ్చింది. పుస్తకం నాకెక్కడిదంటారా? టొరంటోలో ఉద్యోగం చేస్తున్న వాళ్ళక్క మొన్న సెలవులకొచ్చినప్పుడు తెచ్చి, పోతూ పోతూ నాకిచ్చింది. తమ్ముడికిస్తే దిండు కింద పెట్టుకుని పడుకుంటాడని ఆ అమ్మాయికి బాగా తెలుసు!

"ఎందుకన్నా గంత సీరియస్సు? సీరీస్‌ల ఎంత మంచిగ నవ్వొస్తదో తెల్సా?" అన్నాడు.

"నవ్వొచ్చే కథ కాదురా అది" అన్నాను.

"అయితే తీసినోళ్ళు తప్పు తీసిండ్రా? రాసినామె తప్పు రాసిందా?"

అడిగాడండీ! చూడ్డానికి అమాయకంగా ఉన్నా, అక్కడికక్కడ జవాబు చెప్పగల ప్రశ్న కాదది. వారం రోజులు ఆలోచించి ఇప్పుడు చెబుతున్నాను.

ముందు నవల సంగతి. 1895, ఎముకలు కొరికే చలికాలం. టొరంటోలో ఒక సందులో, మంచులో బిగుసుకుపోయిన పడుచుపిల్ల శవం. ఒంటి మీద నూలుపోగు లేదు. ఆ పిల్ల ఒక పెద్దింట్లో పనిమనిషి. ఫ్రెంచి మాట్లాడే పల్లెటూరి కుటుంబంలోంచి నాలుగు డబ్బులు సంపాదించుకుందామని పట్నం వచ్చింది. పైగా కడుపుతో ఉంది. ఆ రోజుల్లో పెళ్ళికాని పనిమనిషి కడుపుతో ఉందంటే ఇంట్లోంచి గెంటేయడమే. ఆ పైన ఇంకో ఇంట్లో పనివ్వరు. సొంతూరు వెళ్ళడానికి ముఖం చెల్లదు.

మర్డాక్ అయినా మహారాజేం కాదు. అతను యాక్టింగ్ డిటెక్టివ్ మాత్రమే, పర్మనెంటు కాలేదు. ప్రొటెస్టెంట్లదే పైచేయిగా ఉన్న ఊళ్ళో అతనొక కేథలిక్. పెళ్ళాడదామనుకున్న అమ్మాయి టైఫాయిడ్‌తో పోయింది. అద్దెకుంటున్న ఇంటాయనకు క్షయ. రాత్రంతా గోడ అవతల దగ్గు వినబడుతూ ఉంటుంది.

హంతకుడెవరో చివర్లో తెలుస్తుంది. అది నేను చెప్పను, మీ సరదా చెడగొట్టను. కానీ ఆ పిల్లను ఆ గతికి తెచ్చిన మిగతా నేరస్తులందరూ మొదటి పేజీ నుంచీ మన కళ్ళెదుటే తిరుగుతుంటారు. వాళ్ళలో ఒక్కణ్ణీ అరెస్టు చేసే చట్టం లేదు. అదండీ నా ముఖం వేలాడటానికి కారణం!

ఇక తెర సంగతి. 2004, 2005 సంవత్సరాల్లో ఈ నవలల్లో మూడింటిని ముందు టెలిఫిలిములుగా తీశారు. మర్డాక్‌గా పీటర్ ఔటర్‌బ్రిడ్జ్ వేశాడు. అవి నవలలకు దగ్గరగా, చీకటిచీకటిగానే ఉంటాయి. తర్వాత 2008లో కొత్త హీరో యానిక్ బిస్సన్‌తో సీరీస్ మొదలైంది. ఇక చూడండి! కిటికీలు తెరిచినట్టు బొమ్మంతా వెలుగే వెలుగు.

నవలలో కానిస్టేబుల్ క్రాబ్‌ట్రీ భారీ మనిషి, పెళ్ళాం పిల్లలున్న సంసారి. సీరీస్‌లో అతను కుర్రాడు, గాలిలో మేడలు కట్టే కబుర్లపోగు, చివరికి నవలా రచయిత కూడా అవుతాడు! నవలల్లో డాక్టర్ జూలియా ఓగ్డెన్‌ది చిన్న పాత్ర. సీరీస్‌లో ఆవిడే కథానాయిక. మొదటి ఎపిసోడ్‌లోనే నికోలా టెస్లా దిగాడు. ఆ వెనక ఆర్థర్ కానన్ డాయిల్ వచ్చాడు. 2011లో అప్పటి కెనడా ప్రధానమంత్రి స్టీఫెన్ హార్పర్ సైతం సరదాపడి చిన్న పోలీసు వేషం కట్టాడు. ఇక మన మర్డాక్ ఎపిసోడుకో యంత్రం కనిపెట్టేస్తుంటాడు.

జనానికి నచ్చిందా అంటే, బ్రహ్మాండంగా నచ్చింది. 1997 నుంచి 2007 దాకా పదేళ్ళలో వచ్చిన నవలలు ఏడు. సీరీస్ మాత్రం పదిహేను సీజన్లు దాటి సాగింది. ఆ లెక్క ముందు నా వేలాడేసిన ముఖానికి విలువెంత చెప్పండి?

అందుకే ఒక మాట ముందే ఒప్పేసుకుంటున్నాను. నవ్వించడం నేరం కాదు. మన 'చంటబ్బాయ్' మరిచిపోయారా? మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలని జంధ్యాల 1986లో తెరకెక్కిస్తే, డిటెక్టివ్ పాండురంగారావుగా చిరంజీవి చేసిన అల్లరికి ఈనాటికీ నవ్వుతున్నాం. ఆ సీరీస్‌లో బరువైన విషయాలు రావనీ అనను. వస్తాయి. మరి నా బాధేమిటి?

నాచారంలో రామారావుగారి రామకృష్ణా స్టూడియో ఉండేది. మా ప్రాంతం పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను. ముందు నుంచి చూస్తే రాజుగారి కోట. వెనక్కి వెళ్ళి చూస్తే వెదురు కర్రలు, గోనెపట్టా! కోట బొమ్మకు అది చాలు. కానీ చరిత్ర ఆధారంగా రాసిన డిటెక్టివ్ కథలో కాలం అనేది వెనకాల నిలబెట్టే సెట్టింగు కాదు. అది కూడా ఒక ముద్దాయి.

దీనికో మంచి ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండులో ఎల్లిస్ పీటర్స్ అనే రచయిత్రి, అసలు పేరు ఎడిత్ పార్జిటర్, బ్రదర్ కాడ్‌ఫెల్ అనే సన్యాసిని డిటెక్టివ్‌గా పెట్టి ఇరవై నవలలు రాశారు. 1979లో వచ్చిన నవలలో కథ 1138 నాటిది. సింహాసనం కోసం అంతర్యుద్ధం. ష్రూస్‌బరీ కోట పట్టుకున్న రాజు స్టీఫెన్ 94 మందిని ఉరి తీయిస్తాడు. ఆ శవాలకు అంత్యక్రియలు చేయడానికి వెళ్ళిన కాడ్‌ఫెల్ లెక్కపెడితే 95 తేలాయి! ఎవడో తను చంపిన మనిషిని తెచ్చి రాజు చంపించిన వాళ్ళ మధ్య పడేశాడన్నమాట. "అన్ని చావుల్లో ఇదో లెక్కా?" అంటారందరూ. "లెక్కే" అంటాడు సన్యాసి. కథంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. 1994లో డెరెక్ జాకోబీతో టీవీ సీరీస్ తీసినప్పుడు మొదటి ఎపిసోడుగా ఈ కథనే ఎంచుకున్నారు. ఇందులోంచి ఆ అంతర్యుద్ధం తీసేయండి. హంతకుడికి దాక్కునే చోటే ఉండదు!

ఇప్పుడు ఆస్ట్రేలియా వెళదాం. కెర్రీ గ్రీన్‌వుడ్ నవలల్లో ఫ్రైనీ ఫిషర్ అనే షోకిలా లేడీ డిటెక్టివ్ ఉంది. 1920ల చివరి మెల్‌బోర్న్. 1989లో మొదటి నవల, 2012లో టీవీ సీరీస్. నవలల్లో ఇన్‌స్పెక్టర్ జాక్ రాబిన్సన్ బుద్ధిమంతుడైన సంసారి. ఫ్రైనీ ప్రియుడు లిన్ చంగ్ అనే చైనా యువకుడు. తెల్లవాళ్ళకు తప్ప వలస వచ్చేవాళ్ళకు తలుపులు మూసేసిన ఆనాటి ఆస్ట్రేలియాలో ఆ ప్రేమ ఎంత సాహసమో ఊహించుకోండి. సీరీస్‌లో ఏం చేశారు? ఇన్‌స్పెక్టరునే ప్రియుణ్ణి చేశారు. లిన్ చంగ్ అతిథిలా వచ్చి వెళ్ళిపోయాడు. ఎస్సీ డేవిస్ నటన, ఆ దుస్తులు, ఆ కారు... అన్నీ కన్నులపండుగే. నేనూ రెప్పవేయకుండా చూశాను. కానీ ఆ కాలానికి నిజంగా ఎదురు తిరిగిన ముచ్చట మాత్రం జారిపోయింది.

మరి మన సంగతి? మేడిపల్లి నుంచి ఉప్పల్ మీదుగా సిటీలోకి పోయేటప్పుడు రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం కనబడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది హైదరాబాదు కథ కాదు, బెంగాలీ కథ! శరదిందు బందోపాధ్యాయ 1932లో మొదలుపెట్టి రాసిన వ్యోమకేశ్ బక్షీ కథల్ని బాసు చటర్జీ 1993లో దూరదర్శన్ కోసం తీశారు. రజిత్ కపూర్ హీరో. మా నాన్నగారు ఆ రోజుల్లోనే చూశారు. నేను 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ వేసినప్పుడు చూశాను. పెద్ద హంగులు లేవు. అయినా ఆ గదులూ, ఆ మనుషులూ, ఆ నిదానమూ చూస్తుంటే పాత కలకత్తాలో ఉన్నట్టే ఉంటుంది. రాసినప్పుడు అవి ఆనాటి కథలు. తీసేనాటికి చరిత్ర అయ్యాయి.

మన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ కూడా అంతే కదా! అసిస్టెంటు రాజుని వెంటబెట్టుకుని మద్రాసులో కేసులు పట్టిన మనిషి. అద్దె లైబ్రరీలో రోజుకింతని కట్టి, అట్ట ఊడిన పుస్తకాన్ని మా నాన్నగారి తరం ఒక్క రాత్రిలో మింగేసింది. పక్క ఊరికి ఫోన్ చేయాలంటే ట్రంక్‌కాల్ బుక్ చేసుకుని కాచుకున్న రోజులవి. ఆనాటి సోషల్ నవల ఈనాటి చారిత్రక నవల! 2024లో ఓటీటీలో 'వికటకవి' అని 1970ల నాటి డిటెక్టివ్ సీరీస్ వచ్చింది. ప్రదీప్ మద్దాలి దర్శకుడు, నరేష్ అగస్త్య హీరో. అది తెర కోసమే రాసిన కథ. రేపో మాపో ఎవరో యుగంధర్ తలుపూ తడతారు. అప్పుడు ఏం చేస్తారన్నదే నా బెంగ.

ఈ బెంగ ఊరికే రాలేదు లెండి. ఇందులో నాదీ ఒక నేరం ఉంది. మీ దగ్గర దాపరికం ఎందుకు?

కొన్నేళ్ళ కిందట ఒక సీరియల్ సంస్థ వాళ్ళు నన్ను పిలిచి పాత హైదరాబాదు నేపథ్యంలో డిటెక్టివ్ కథ కావాలన్నారు. నేను 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఎత్తుకున్నాను. వేలమంది పోయారా వరదలో. అఫ్జల్‌గంజ్ వైపు ఒక్క చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. నా కథలో ఒక వడ్డీ వ్యాపారి దగ్గర పనిచేసే గుమాస్తా శవం ఆ వరద శవాల్లో దొరుకుతుంది. కానీ అతని ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవు! కాడ్‌ఫెల్ కథ చదివిన ప్రభావమని ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

కథ విన్నవాళ్ళు బాగుందన్నారు. ఆ వెంటనే, "వరద వద్దండీ. ఖర్చు. పైగా అన్ని చావులు ఫ్యామిలీలు చూడరు. షేర్వానీలు, టాంగాలు, ఒక కామెడీ జవాను. లైట్‌గా పోదాం" అన్నారు.

అప్పటికి రెండు నెలల ఇంటద్దె బాకీ. తలూపాను. నాలుగు ఎపిసోడ్లు రాసిచ్చాను. వరద పోయి విందు భోజనం వచ్చింది. జవాను బాగానే నవ్వించాడు. కానీ గుమాస్తాని ఎందుకు చంపారో, శవాన్ని ఎలా దాచారో నాకే అంతు చిక్కలేదు. కారణం నదిలో ఉంది, నదిని నేనే తీసేశాను! ఆ సీరియల్ చివరికి తీయనే లేదు. అడ్వాన్సు మాత్రం అద్దెకు సరిపోయింది. ఆ డబ్బు తలుచుకున్నప్పుడల్లా, ఆ వేలమందినీ నా చేత్తో ఇంకోసారి చెరిపేసినట్టు ఉంటుంది.

అందుకని పాఠక మిత్రులారా, ఇకమీదట పాతకాలపు డిటెక్టివ్ బొమ్మ ఏది చూసినా ఈ చిన్న పరీక్ష పెట్టండి. కథలోంచి ఆ సంవత్సరాన్ని తీసేయండి. హత్య అప్పుడూ అలాగే జరుగుతుందా? జరిగితే మీరు చూసింది బట్టల కొట్టు! జరగకపోతే అది అసలైన సరుకు. రెండో ప్రశ్న, మనల్ని నవ్విస్తున్నది ఎవరు? ఆ కాలంలో బతకడానికి తంటాలుపడే మనిషి నవ్విస్తే అది హాస్యం. "అయ్యో, వీళ్ళకి ఫోన్ కూడా తెలీదు" అని మనం పైనుంచి చూసి నవ్వితే అది మన గొప్ప మాత్రమే. క్రాబ్‌ట్రీ మొదటి రకంగా చాలాసార్లు నవ్విస్తాడు. అందుకే వాడి మీద నాకు కోపం లేదు. ఆ నవ్వు వల్లనేగా ఒక టొరంటో నవల మేడిపల్లి దాకా వచ్చింది!

ఇదంతా మా కుర్రాడికీ చెప్పాను. విని, ఏమీ అనకుండా పుస్తకం పట్టుకుపోయాడు. దిండు కిందికే అనుకున్నాను. నిన్న రాత్రి పదకొండింటికి తలుపు కొట్టాడు.

"అన్నా, సీరీస్‌ల ఎంతమంది సచ్చిండ్రో లెక్క లేదు. ఒక్క పేరు యాదికొస్తలేదు. ఈ పిల్ల పేరు మాత్రం పోతలేదన్నా."

నిజమే. ఇంత రాసీ నేనూ మీకు చెప్పనేలేదు. మంచులో దొరికిన ఆ అమ్మాయి పేరు తెరీస్.