పోడు పట్టా: రెండు మాటలు, రెండూ సరిపోవు



మన ఇండ్లల్ల కాలేజీ దాకా వచ్చిన మొదటోళ్లం మనమే. ఏ కాయితం వచ్చినా చదివి చెప్పుమని మనకే ఇస్తరు. అందుకే అందరం "పోడు పట్టా" అంటున్న కాయితం గురించి రాస్తున్నం. ఈ రెండు మాటలను విడదీసి చూద్దాం.

పోడు అంటే అడవి కొట్టి, కాలబెట్టి, కొన్నేండ్లు పండించి ఇంకో చోటికి పోవుడు. కడెం, పెంబి దిక్కు మన అమ్మానాయినలు చేస్తున్నది అదేనా? ఏటేటా అదే చేను, అదే నాగలి. పత్తి, కంది, జొన్న. పని మారింది, పేరు మారలేదు. ఆ పేరు వినంగనే బయటోళ్లకు కాలుతున్న అడవే కనవడ్తది.

ఇగ పట్టా. మైదాన ప్రాంతంల పట్టా ఉంటే భూమి అమ్ముకోవచ్చు. మన కాయితం పిల్లలకు వస్తది గానీ అమ్మనీకి రాదు, ఇంకొకరి పేర చెయ్యనీకి రాదు. 2006 అటవీ హక్కుల చట్టమే అట్ల చెప్తది. ఆ షరతు మంచిదే, భూమి చెయ్యి జారకుండ కాపాడుతది. కానీ పట్టా అన్న మాట నమ్మి ఎవరన్న స్టాంపు కాయితం మీద కొంటే, అమ్మితే, ఇద్దరూ మునుగుతరు.

వీటికన్నా ప్రమాదమైన మాట "పట్టాల పంపిణీ". 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల మొదలైన కార్యక్రమాన్ని అందరూ అట్లనే అన్నరు. పంపిణీ అంటే ఉన్నోడు లేనోనికి పంచుడు, చీరలు పంచినట్టు. చట్టం పేరులో ఉన్న మాట వేరే: "గుర్తింపు". 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి సాగు చేస్తున్న ఆదివాసీకి హక్కు అప్పటికే ఉన్నది, సర్కారు దాన్ని ఒప్పుకోవాలె. పంచేటోడు "ఈసారి లేదు" అనొచ్చు. గుర్తించాల్సినోడు అట్ల అననీకి రాదు. కాదంటే కారణం రాసి తెలుపాలె, మనం 60 రోజుల్ల పై కమిటీకి పోవచ్చు.

మాటల్ల ఏమున్నది, భూమి ఉంటే చాలు అంటరు కొందరు. దరఖాస్తు, తీర్మానం, నోటీసు అన్నీ మాటలతోనే నడుస్తయి కదా!

సెలవులకు ఊరికి పోయినప్పుడు గ్రామసభల కూసుందాం. తీర్మానంల "పట్టా ఇప్పించగలరు" అని కాదు, "మా అటవీ హక్కును గుర్తించాలె" అని రాయిద్దాం. కాయితంల నాయిన పేరుతో పాటు అమ్మ పేరు ఉన్నదా చూద్దాం. అదీ చట్టంల ఉన్నదే.

జై ఆదివాసీ.
నిర్మల్ హాస్టల్ విద్యార్థులం