లోతులను విడుచుట పిరికితనమా?

మల్లినాథ సూరి స్వగ్రామమని పేరొందిన కుల్చారంలో పుట్టి, మంజీర ఒడ్డున పెరిగిన మా వంటి వారికి ఈత ఒక విద్య కాదు, అలవాటు. వేసవి సెలవులలో బావి గట్టు నుండి దూకుటకు వెనుకాడినవానిని మేమందరము కలిసి ఎగతాళి చేసేవారము. అది ఎంత తప్పో మాకు ఆలస్యంగా తెలిసివచ్చింది.

మాతో ఈదిన మిత్రుడొకడు ఉద్యోగరీత్యా సముద్రతీరానికి వెళ్లి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాడు. ఒకనాడు సుమారు 30 మీటర్ల లోతున, సిలిండరులో గాలి తరిగినదని ఆలస్యంగా గమనించి, తొందరగా పైకి వచ్చినాడు. గంట గడవకముందే నడుము క్రింద స్పర్శ పోయింది. పీడన గదిలో ఉంచి చేసిన చికిత్సవల్ల కొన్ని వారాలకు తిరిగి నడవగలిగినాడు. ఆపై సముద్రంలోకి దిగుట మానుకున్నాడు. ఊరికి వచ్చిన అతనిని "భయపడ్డావా?" అని అడిగి నవ్వినవారిలో మేమూ ఉన్నాము. అందుకే ఈ నాలుగు మాటలు.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం అధికమవుతుంది. 30 మీటర్ల లోతున శరీరంపై పీడనం నేలమీదికంటే నాలుగు రెట్లు. అచ్చట పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోను, కణజాలంలోను కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరితో వెలుపలికి పోతుంది. వేగంగా వస్తే, మూత తీసిన సోడాలో వలె బుడగలై కీళ్లను, వెన్నుపామును దెబ్బతీస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లో ఈ సంగతిని వివరించినాడు. అంచెలంచెలుగా పైకి వచ్చుటకు హాల్డేన్ 1908లో పట్టికలు ప్రకటించినాడు. నత్రజనికి ధీరుడు, పిరికివాడు అను భేదం లేదు. కనుక ఒకసారి దెబ్బతిన్నవాడు మళ్లీ దిగవచ్చునా లేదా అన్నది వైద్యుడు పరీక్షించి చెప్పవలసిన మాట. మిత్రులు పందెం వేసి తేల్చేది కాదు.

న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన పునాదుల కొరకు నదీగర్భంలో, అధిక పీడనపు గాలి నింపిన పెద్ద పెట్టెలలో మనుషులు పనిచేసినారు. 1872లో ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఇదే జబ్బుతో మంచం పట్టినాడు. ఆ తరువాత ఇంటి కిటికీ నుండి పనిని గమనిస్తూ, భార్య ఎమిలీ ద్వారా సూచనలు పంపినాడు. 1883లో వంతెన ప్రారంభమైంది. ఆయన లోతులకు దూరమైనాడు గాని లక్ష్యానికి దూరం కాలేదు.

ఒక్క ప్రమాదానికే మానుకుంటే లోకంలో సాహసమే మిగలదని కొందరు అనవచ్చు. అందరూ మానవలెనని మేము అనుట లేదు. పొరపాటు తెలుసుకొని, వైద్యుని అనుమతితో మళ్లీ దిగినవారిని గౌరవిద్దాము. కాని మానినవారికి ఆ గౌరవం తగ్గరాదు. ప్రేమించినదానిని విడుచుట సులభం కాదు. సముద్రపు అడుగున చూచిన వెలుతురును మా మిత్రుడు నేటికీ తలచుకుంటాడు. అయినా ఇంట్లో తనకోసం ఎదురుచూచే తల్లి ముఖం అతనికి అంతకంటే విలువైనది. బ్రతికి ఉంటే బలుసాకు తినవచ్చునని మన పెద్దలు అన్నారు. జాన్ హై తో జహాన్ హై అని ఉర్దూ పెద్దలూ అన్నారు. రెండు భాషలు చదివే మనకు ఈ మాట రెండుసార్లు వినిపించవలెను.

ఇప్పుడు సెలవులలో అతడు బావి గట్టున కూర్చుండి, పిల్లల నడుముకు తాడు కట్టి ఈత నేర్పుతున్నాడు. వెనుకాడినవానిని చూచి ఎవరినీ నవ్వనీయడు.

విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. విహారయాత్రలో నీటి ఒడ్డున ఎవరైనా "నేను దిగను" అంటే, కారణం అడుగకుండా ఆ మాటను మన్నించు ఆచారం మన కళాశాలలో నెలకొనవలెను.