వనపర్తి మరిచిన శాసనసభ్యురాలు

వనపర్తిలో రాజుల కోట ఎక్కడని అడిగితే బడిపిల్లలైనా పాలిటెక్నిక్ వైపు చేయి చూపిస్తారు. 1959లో నెహ్రూ వచ్చి ఆ కోటలో కాలేజీని ప్రారంభించిన ముచ్చట పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాజుల ఇంటి కోడలు రాణీ కుముదినీదేవి ఏం చేశారని అడగండి. జవాబు చెప్పేవాళ్లు చాలా తక్కువ. ఇదే నాకు మింగుడుపడదు.

1962లో వనపర్తి ఓటర్లు ఆమెను శాసనసభకు పంపారు. 1967లో మళ్లీ పంపారు. ఆ 1962లోనే ఆమె హైదరాబాద్ మేయర్ అయ్యారు. ఆ పీఠం ఎక్కిన తొలి మహిళ ఆమే. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లను కలిపి అప్పటికి రెండేళ్లే అయింది.

పదవులు ఏవీ రాకముందే, 1958లో, ఆమె కూకట్‌పల్లిలో కుష్ఠురోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. పెద్దరోగం వచ్చిందంటే ఊరు వెలివేసే రోజులవి. పళ్లెం వేరు, పడక వేరు. ఇంట్లో ఒకరికి వస్తే మిగతా పిల్లలకు పెళ్లిళ్లు కుదిరేవి కావు. డాప్సోన్ బిళ్లలు ఉన్నా ఏళ్ల తరబడి మింగాలి. రెండుమూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లో. బ్రిటిష్ వాళ్లు 1898లో చేసిన కుష్ఠురోగుల చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది 2016లో. విడాకులకు ఈ జబ్బును కారణంగా చూపే వీలు తీసేసింది 2019లో. అంటే రోగిని వెలివేయకూడదని గ్రహించడానికి చట్టాలు చేసే సభకు అరవై ఏళ్లు పట్టింది. ఆమెకు ఆ సంగతి 1958లోనే తెలుసు.

డబ్బున్న ఇల్లు కాబట్టి చేశారంటారు కొందరు. పాలమూరులో, నడిగడ్డలో సంస్థానాలకు కొదవా? పుండ్లతో ఉన్న మనిషిని దగ్గరికి తీయడానికి భూములుంటే సరిపోదు.

1952లో వనపర్తి నుంచి గెలిచిన సురవరం ప్రతాపరెడ్డి పేరు తెలుగు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. ఎంతో న్యాయమైన పని. ఇటిక్యాలపాడు స్వగ్రామమైన ఆయన్ని గద్వాల, వనపర్తి రెండూ మావాడే అంటాయి. అదే నియోజకవర్గం పదేళ్లు నమ్మిన ఈ ఆడమనిషిని మాత్రం మావాళ్లంటూ చెప్పుకునే గొంతులేవీ?

ఆమె 2009లో పోయారు. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్లు. వాళ్లుండగానే వాళ్ల మాటలు రాసిపెట్టాలి. ఆ పదేళ్లలో సభలో ఆమె మాట్లాడినవి వెతికి అచ్చువేయాలి. వనపర్తిలో 2022లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చర్మవ్యాధుల విభాగానికి ఆమె పేరు పెట్టాలి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చర్మం మీద మొద్దుబారిన మచ్చ కనపడ్డా సిగ్గుతో దాచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పేరున్న గడపను వాళ్లు కాస్త ధైర్యంగా తొక్కుతారు.