అద్దం తీసేశారు!

కెమెరాలో అద్దం తీసేశారట! ఈ సంగతి నా చెవిన వేసినవాడు మా మేనల్లుడు. "మామా, ఇంకా ఆ బండరాయిని మోస్తున్నావా?" అని హిందూపురం స్టేషన్లోనే మొదలుపెట్టాడు.

బండరాయి అంటే నా నికాన్ డి90. 2008 నాటిది. వీడియో తీసిన మొదటి డి.ఎస్.ఎల్.ఆర్. అదే సుమండీ! అదే ఏడాది పానసోనిక్ వారు జి1 పేరుతో అద్దం లేని కెమెరా తెచ్చారు. అంటే నా కెమెరాతోపాటే దాని సవతీ పుట్టిందన్నమాట.

నా దాంట్లో లెన్సు చూపే బొమ్మను ఏటవాలు అద్దం పైకి పంపితే కంటికి కనిపిస్తుంది. మీట నొక్కగానే అద్దం టప్పున లేస్తుంది. కొత్త రకంలో ఆ అద్దమే లేదు. సెన్సారు మీద పడిన బొమ్మే బుల్లి తెరమీద కనిపిస్తుంది. అందుకే అంత చిన్నది.

పెనుకొండలో దిగాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరు. గగనమహల్ చూసి కొండెక్కుతుంటే మోకాళ్ళు మొరాయించాయి. లెన్సుతో కలిపి నా కెమెరా కిలో పైమాటే. వాడి కానన్ ఆర్50 బ్యాటరీతో సహా 375 గ్రాములు, చిన్న లెన్సు ఇంకో 130. సగం బరువు! "మరి బ్యాటరీ మాటేమిటోయ్?" అన్నాను. వాడు జేబులోంచి రెండోది తీసి చూపించాడు. బుల్లి తెర కరెంటు తాగుతుంది మరి. అక్కడ మాత్రం నాదే గెలుపు!

ధర్మవరంలో తెలిసిన నేతన్న ఇంటికి వెళ్ళాం. గుంటమగ్గం దగ్గర అతని ఫోటో ఇద్దరం తీశాం. ఫోకస్ చేత్తో తిప్పితేగానీ నాకు తృప్తి ఉండదు. నాది మసక. వాడిది స్ఫుటం. మనిషి కన్నెక్కడుందో ఆ కెమెరాయే వెతికి పట్టుకుందట! ఇంకేం, కొనడానికే నిశ్చయించుకున్నాను.

అంతలో వాడు నా బండరాయిని తీసుకుని, అదే లెన్సుతో, ఆటో ఫోకస్ పెట్టి ఒకటి తీశాడు. నేతన్న కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు!

నాకు నోట మాట రాలేదు. నేతన్న మెల్లిగా అన్నాడు: "ఏమనుకోవద్దన్నా. పోయిన నెల ఇచ్చిన ఫోటోలో మా పాప పెండ్లి చీర రంగు యాల మార్చినావు? నేను నేసింది వంగపూవు రంగు. నీవు నీలం చేసినావు."

పచ్చగా కనిపిస్తోందని కంప్యూటర్లో 'సరిచేసింది' నేనే. కూతురి కోసం తన చేత్తో నేసిన చీర అది. ఎన్ని పెళ్ళిళ్ళ రంగులు ఇలా మార్చానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

హిందూపురం వచ్చి కంటి డాక్టరుకు చూపించుకున్నాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు! రెండేళ్ళుగా నేను కెమెరాను తిట్టుకుంటున్నాను. అది మాట్లాడలేదు గనుక సరిపోయింది.

'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లే గారు వెన్నెలను కృత్రిమంగా కాయించారు. అందులో కృష్ణుడైన రామారావు గారినే మా హిందూపురం 1985లో శాసనసభకు పంపింది. ఆ వెన్నెల ఏ కెమెరాతో తీశారని ఎవరైనా అడిగారా? ఆ కన్ను ఎవరిదనే కదా అడుగుతాం!

అలా కెమెరా డబ్బు కంటికి పోయింది. కుడి కంట్లో కొత్త లెన్సు పెట్టారు. కట్టు విప్పిన రోజు మా ఇంటి గోడ తెల్లగా కనిపిస్తే, సున్నం ఎప్పుడు వేయించావని మా ఆవిడను అడిగాను. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మొదటి పనిగా ఆ పెళ్ళి ఫోటో మళ్ళీ ప్రింటు వేసి ధర్మవరం తీసుకెళ్ళాను. నేతన్న చీరను తెచ్చి పక్కన పెట్టి చూసి, "ఇదీ మా పాప చీర" అన్నాడు.

కొత్త కెమెరా వద్దంటున్నానా? లేదండీ. పెనుకొండ మెట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఆశగానే ఉంది. కాకపోతే మీలో ఎవరైనా కెమెరా మార్చాలనుకుంటే, ముందు పాతదాన్ని ఇంకొకరి చేతికిచ్చి ఒక్క ఫోటో తీయించి చూడండి. తప్పు ఎవరిదో అదే చెబుతుంది!